పదహారో పేజీ

హమానో గారు ఉప్పులో ఊరిన ఉమె అనే జపాను కాయ ఒకటి నోట్లో వేసుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆవిడ రెండు మణికట్లకీ మెత్తటి గుడ్డ పట్టీలున్నాయి. వాటి నుంచి సన్నటి తీగలు బల్ల మీది చిన్న ప్రెస్సులోకి పోతున్నాయి. ప్రెస్సు గుర్రుమని ఒక కాగితాన్ని బయటికి తోసింది. తెల్ల కాగితం, దాని మీద ఏ బొమ్మా లేదు.

"ఝాన్సీ సాన్, వేలు పెట్టి చూడు."

పెట్టాను. దవడల కింద జివ్వుమంది. పచ్చి చింతకాయ కొరికినట్టు ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. నా నోట్లో చూస్తే ఏమీ లేదు.

"పుల్లగా ఉందా?"

"చచ్చేంత పుల్లగా ఉందండి."

ఆవిడ చిన్నపిల్లలా నవ్వి ఇంకో కాయ వేసుకున్నారు. ఆ వారమంతా ఉమె కాయలే. కట్టలకొద్దీ పులుపు కాగితాలు తీశారు. ఆఖర్న నములుతూ, "జలుబు చేసినట్టుంది, నాలుక చచ్చిపోయింది" అన్నారు. ఆ మాట ఎవరం పట్టించుకోలేదు.

టోక్యోకి తూర్పు వైపు ఒక ఇరుకు సందులో ఉంది ఆ అచ్చాఫీసు. ఇక్కడ టీవీలో వచ్చే బొమ్మల సీరియళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లుంటారు. ఆ సీరియల్లో మనుషుల్ని తీసుకుని సొంతంగా కథలల్లి, సొంతంగా బొమ్మలేసి, సొంతంగానే అచ్చేయించుకుంటారు. ఆ పుస్తకాలని దోజిన్‌షి అంటారు. ఏ దుకాణానికీ ఇవ్వరు. పెద్ద హాల్లో బల్లలేసుకుని, గీసినవాళ్లే కూర్చుని, వచ్చినవాళ్ల చేతికి తామే అందిస్తారు. హమానో గారు అలాంటి పుస్తకాలే అచ్చేస్తారు. నా పని కాగితాలు మడిచి పిన్నులు కొట్టడం. మా ఆయన శ్రీహరి స్టేషన్ దగ్గర ఇండియన్ హోటల్లో వంట చేస్తారు. మా పాప పూజితకి నాలుగో ఏడు. సాయంత్రం దాకా డేకేర్లో ఉంటుంది. ఇంటర్ మధ్యలో ఆపేసి పెళ్లి చేసుకుని తుని నుంచి ఇంత దూరం వచ్చినదాన్ని. నాకు వచ్చిన పనంటూ ఏముంది, పిల్లని చూసుకోవడం తప్ప.

ఆ చూసుకోవడం కూడా భయంతోనే. ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేసి గానీ పెట్టేదాన్ని కాదు. అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "ఊపిరాడుతోందిలే, పడుకో" అనేవారు ఆయన, కళ్లు తెరవకుండానే.

పాత కంపెనీలో ఉన్నప్పుడు హమానో గారు కాగితాల మీద పరిశోధన చేసేవారట. ఈ పూత పూసిన కాగితానికి నుకుమి అని పేరు పెట్టారు. వాళ్ల భాషలో వెచ్చదనం అని. పట్టీ కట్టుకున్న మనిషి లోపల ఏముంటే అది కాగితంలోకి దిగుతుంది. వేలు పెట్టినవాళ్లకి అదే తగులుతుంది. దాంతో మొదటి పుస్తకం వేస్తానని ముందుకొచ్చింది మికామి సాన్. సాన్ అంటే మన గారు లాంటిది.

మికామి సాన్‌కి ముప్పై అయిదుంటాయి. పగలు బ్యాంకులో ఉద్యోగం, మిగతా బతుకంతా ఒసాయో. ఇరవై ఏళ్ల కిందటి పడవల సీరియల్లో ఒసాయో ఒక తల్లి. మూడు భాగాల్లో కనిపిస్తుందంతే. పిల్లని పడవవాడికి అప్పజెప్పి వెళ్లిపోతుంది. ఎందుకు వెళ్లిందో సీరియల్లో చెప్పలేదు, మళ్లీ చూపించనూ లేదు. ఆ కోపం మికామి సాన్‌కి ఇప్పటికీ తగ్గలేదు. ఒసాయో ఏమైందో తనే గీస్తూ పుస్తకం తర్వాత పుస్తకం వేస్తోంది. కొత్త పుస్తకంలో పదహారో పేజీ అసలైనది. వెళ్లిపోయే ముందు ఒసాయో నిద్రపోతున్న పిల్లని ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చుని ఉంటుంది. మాటలేమీ లేవు.

మికామి సాన్ పట్టీలు కట్టుకుని, బొమ్మ వంక చూస్తూ ఆ పేజీ తీసింది. నేను వేలు పెట్టాను.

"ఎలా ఉంది?"

"బాగుందండి. పిల్లిని పెంచుకోవాలనిపిస్తోంది."

ఆవిడ బల్ల మీద తల వాల్చేసింది. "నాకు పిల్లల్లేరు. ఉన్నది పిల్లి ఒక్కటే. ఎంత ప్రయత్నించినా అదే వస్తోంది."

హమానో గారు ఆవిడ్ని చూడలేదు. నన్ను చూశారు.

మర్నాడు సాయంత్రం డేకేర్ నుంచి పూజితని ఎత్తుకొచ్చాను. దారిలోనే నా భుజం మీద నిద్రపోయింది. స్టూలు మీద కూర్చుని ఒళ్లో సర్దుకుంటే హమానో గారు నా మణికట్లకి పట్టీలు కట్టారు. దాని చెవి వెనక చెమట, జుట్టులో ఇసక. ప్రెస్సు చప్పుడుకి లేస్తుందేమోనని చేత్తో చెవి మూశాను. పేజీ బయటికొచ్చింది.

మికామి సాన్ వేలు పెట్టి, అలాగే నేల మీద చతికిలపడింది.

"నువ్వు రోజూ ఇలాగే ఉంటావా? లోపల ఇంత భయంతో?"

"ఉంటానండి."

"ఎలా బతుకుతున్నావు?"

నవ్వాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇదే. ఒసాయో ఇదే. ఇరవై ఏళ్లుగా నాకు దొరకనిది ఇదే."

నన్ను అంత మాట ఎవరూ అనలేదు ఇదివరకు. ఇంటికెళ్లే దారంతా అదే తల్చుకున్నాను. నా భయానికి విలువుందని.

ఒక్కసారి తీసి కాపీలు కొట్టే పని కాదది. ప్రతి పుస్తకానికీ పదహారో పేజీ నేను పట్టీలు కట్టుకుని ఉండగానే అచ్చవ్వాలి. అందుకని రోజూ సాయంత్రం పాపని ఒళ్లో వేసుకుని కూర్చునేదాన్ని. రోజూ ఇంటికెళ్లేసరికి ఒంట్లో బరువు తగ్గినట్టుండేది. హాయిగా నిద్రపట్టేది. ముక్కు దగ్గర వేలు పెట్టడం మర్చిపోయాను.

సముద్రం పక్కన పెద్ద హాల్లో ఆ పుస్తకాల మేళా. మా బల్ల వెనక హమానో గారు, మికామి సాన్, నేను. పుస్తకం తీసుకున్నవాళ్లు పక్కకి వెళ్లి పదహారో పేజీ తాకి, అక్కడే నిలబడిపోతున్నారు. సూట్లేసుకున్న మగాళ్లు కళ్లు తుడుచుకుంటూ వెనక్కొచ్చి మికామి సాన్‌కి వంగి దండం పెట్టి పోతున్నారు. ఆ మాట హాలంతా పాకింది. మధ్యాహ్నం కాకుండానే పుస్తకాలైపోయాయి, వరస మటుకు మలుపు దాటి ఉంది.

"అయిపోయాయని చెప్పేద్దాం" అన్నారు హమానో గారు.

మికామి సాన్ ఒప్పుకోలేదు. "రాత్రి బస్సెక్కి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. నా బల్ల దాకా వచ్చినవాళ్లని ఉత్త చేతుల్తో పంపను. ప్రెస్సు బండిలోనే ఉంది కదా. ఆ ఒక్క పేజీ మడతపెట్టి ఇచ్చేద్దాం." నా వైపు తిరిగింది. "ఝాన్సీ సాన్, చేయగలవా?"

ఈ పుస్తకాల లోకంలో ఇది మామూలే. అచ్చుకి అందని పుస్తకాన్ని పొద్దున్నే చేత్తో కుట్టుకుని పట్టుకొస్తారు. బల్ల మీద కొత్త పుస్తకం లేకపోతే వాళ్లకది పరువు తక్కువ. పాప ఇంట్లో వాళ్ల నాన్న దగ్గరుంది. ఒళ్లో లేకపోతేనేం, తల్చుకుంటే చాలనుకున్నాను. పట్టీలు కట్టుకుని బల్ల కింద గుడ్డ వెనక కూర్చున్నాను. కాగితం తర్వాత కాగితం. వరస ఆఖరికొచ్చేసరికి పూజిత మొహం గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడాల్సి వచ్చింది. ముక్కు గుర్తొస్తే కళ్లు రాలేదు.

"ఖాళీగా ఉందండి లోపల" అన్నాను, సామాను సర్దుతుంటే.

మికామి సాన్ నా వీపు మీద చరిచింది. "నువ్వూ మాలో కలిసిపోయావన్నమాట. పుస్తకం అయ్యాక అందరం అంతే. వారం రోజులు పీనుగులా పడుంటాం. మళ్లీ అదే వస్తుంది."

కాగితం పరీక్షించారు, సిరా పరీక్షించారు, పిన్ను ఊడుతుందేమోనని లాగి చూశారు. చేసిన మనిషి ఖాళీ అయిపోవడం మటుకు వాళ్లకి రోగంలా కనిపించలేదు. బాగా పనిచేశామనడానికి అదే గుర్తు వాళ్లకి.

వారం పోయింది, ఇంకో వారం పోయింది. రాలేదు.

వేళకి అన్నం పెట్టాను, స్నానం చేయించాను, జడ వేశాను. ద్రాక్షపళ్లు గుత్తి గుత్తిగా పళ్లెంలో పెట్టాను. ఆదివారం పార్కులో పూజిత ఉయ్యాల మీంచి జారి మోకాలు చీరుకుంది. చూశాను. వెళ్లాలి కదా అనుకున్నాను. లేచి, చెప్పులేసుకుని, నడిచి వెళ్లాను. ఈలోపు ఆయన పరిగెత్తుకొచ్చి ఎత్తుకున్నారు.

"ఏంటే అలా నడిచొస్తున్నావ్? ఎవరి పిల్లో పడ్డట్టు."

"పెద్ద దెబ్బేం కాదులెండి."

ఆయన నా మొహంలోకి చూసి, పాప మోకాలు తుడిచారు.

ఆ సాయంత్రం పడుకోబెట్టి ముద్దు పెడితే పూజిత చెంప తుడుచుకుంది. "అమ్మా, ఊరికే పెట్టావు. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాను.

"అదీ ఊరికేనే" అని అటు తిరిగి పడుకుంది.

నాకు తెలుసు ఏదో పోయిందని. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ప్రాణం సుఖంగా ఉంది. పెళ్లయ్యాక మొదటిసారి గుండె మామూలుగా కొట్టుకుంటోంది. వీధిలో అంబులెన్సు కూత పెడితే డేకేర్ గుర్తు రావడం లేదు. ఇలా ఉంటారన్నమాట మిగతా మనుషులు, ఎంత బాగుంది అనుకున్నాను.

బయటపడింది హమానో గారి అన్నం డబ్బా దగ్గర. భోజనాలవేళ ఆవిడ ఉమె కాయని అన్నం మెతుకులా నమిలేస్తున్నారు. మొహంలో మార్పు లేదు.

"పుల్లగా లేదాండి?"

"జలుబు చేసినప్పటి నుంచి తెలియట్లేదు."

"జలుబెప్పుడు చేసిందండి? ముక్కు కారడం నేను చూడలేదే."

చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. ఆవిడ లేచి, మూల పడున్న పులుపు కాగితాల కట్ట తెచ్చారు. ప్రెస్సుని వెనక్కి తిరిగేలా మార్చి, పట్టీలు కట్టుకుని, కట్ట మీద అరచెయ్యి పెట్టారు. కాసేపటికి ఆవిడ మొహమంతా ముడుచుకుపోయింది, కళ్లలో నీళ్లొచ్చాయి. నన్ను ఒక కాగితం తాకమన్నారు. ఉత్త కాగితం.

"కాపీ అవుతోందనుకున్నాను" అన్నారు. "లోపలున్నదే కాగితాల్లోకి పోతోంది."

అంత పెద్దావిడ బల్లకి నుదురు ఆనేలా నా ముందు వంగిపోయారు. లేవమన్నా లేవలేదు. నాకు ఏడుపు రాలేదు. వెనక్కి తెచ్చుకోవాలా అని మటుకు ఒక్క క్షణం అనిపించింది.

మా ఆయనతో చెప్పాను. పొయ్యి మీది పప్పు దించి, మంట ఆర్పి విన్నారు.

"తెచ్చుకో."

"తెచ్చుకుంటే ఆ భయం కూడా వస్తుందండీ. మీకు తెలీదు అదెలా ఉంటుందో."

"రానీ."

"మీకేం, రానీ అంటారు."

"పొద్దున పోయి రాత్రొచ్చేవాణ్ని నేను. నువ్వు కూడా భయపడకపోతే ఆ పిల్ల గురించి భయపడేవాళ్లెవరే ఈ ఊళ్లో?" గొంతు మామూలుగానే ఉంది గానీ గరిట పెట్టిన చోట పెట్టకుండా తిప్పుతున్నారు. "నిన్న నన్నడిగింది. అమ్మకి నేను పాతబడిపోయానా అని."

మికామి సాన్ తన చదువరులందరికీ నెట్‌లో రాసి చెప్పింది. వచ్చే మేళాకి ఆ పుస్తకాలు, మడిచిచ్చిన పేజీలు తీసుకురండి, పదహారో పేజీలో వెచ్చదనం తీసుకుని పుస్తకం మళ్లీ మీకే ఇస్తాం అని. ఎందుకో కూడా దాచకుండా చెప్పింది. కొన్నవాళ్ల పేర్లు ఎవరి దగ్గరా లేవు. రాకపోతే అడిగే దిక్కు లేదు. అయినా పొద్దున్నుంచే వరస కట్టారు. గీసినామె అడిగింది కాబట్టి వచ్చారంతే. ప్రెస్సు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది గనక అన్నీ పోగేసి ఒకేసారి చేద్దామన్నారు హమానో గారు. ఇచ్చినవాళ్లు బల్ల చుట్టూ నిలబడి ఎదురుచూస్తున్నారు. కొందరు ఆఖరిసారి అని తాకి ఇస్తున్నారు. నేను పుస్తకాలు అందుకుని పేర్చుకుంటున్నాను, అచ్చాఫీసులో పేర్చినట్టే.

చివరికొచ్చిన ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పేరు ఒరిబే అంది. పుస్తకానికి అట్ట వేసుకుంది. చేతిలోంచి వదల్లేదు.

"ఒక్క మాట అడగొచ్చా? నన్ను పసిగుడ్డుగా ఉన్నప్పుడే మా అమ్మ అనాథాశ్రమంలో వదిలేసింది. చిన్నప్పట్నుంచీ ఆమె మీద కోపమే. ఈ పేజీ తాకాక, కన్నవాళ్లకి లోపల ఇంత ఉంటుందా అనుకున్నాను. ఇంత ఉండీ వదిలి వెళ్లిందంటే ఆమెకి ఎంత కష్టం వచ్చిందో అనిపించింది. పనికెళ్లే ముందు రోజూ ఒకసారి తాకుతాను. కోపం పోయింది." అట్ట మీద చెయ్యి రాస్తూ ఆగింది. "ఇది ఇచ్చేస్తే, నాకు తెలిసింది కూడా పోతుందా?"

నాకు తెలియదు. హమానో గారిని అడగొచ్చు, పక్కనే ఉన్నారు. అడిగితే ఈవిడ పుస్తకం ఇవ్వదేమో అనిపించింది. ఆలస్యమవుతోంది కూడా.

"పోదండి" అన్నాను. అనడానికి నాకు కష్టంగా కూడా లేదు.

ఆవిడ రెండు చేతులా అందించింది.

పట్టీలు కట్టుకుని దొంతర మీద అరచేతులు ఆన్చాను. ముందేమీ లేదు. తర్వాత, తిమ్మిరెక్కిన కాలిలోకి రక్తం దిగినట్టు మొదలైంది. మోకాలు. ఉయ్యాల కింద ఆ మోకాలు, కారుతున్న రక్తం, నేను చెప్పులు వెతుక్కోవడం. పళ్లెంలో గుత్తిగా పెట్టిన ద్రాక్షపళ్లు. చెంప తుడుచుకున్న చెయ్యి. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. హమానో గారు నన్ను పట్టుకోకపోతే బల్ల మీదే పడిపోయేదాన్ని.

"పాప ఏది?" అన్నాను తెలుగులో. "పాపేదండీ?"

హాల్లోనే పాపని తిప్పుతున్న మా ఆయన వరసలన్నీ దాటుకుని పూజితని ఎత్తుకుని వస్తున్నారు. లాక్కున్నాను. దాని మెడలో మొహం పెట్టేశాను. "అబ్బా, నొక్కేస్తున్నావ్" అంది గానీ తోసేయలేదు. కాసేపుండి నా చెవిలో, "ఇప్పుడు పెట్టు" అంది.

మికామి సాన్ పుస్తకాలు ఎవరివి వాళ్లకి తిరిగి ఇస్తోంది. అందరూ అలవాటుగా పదహారో పేజీ తాకి, వేలు తీసేసి, నాకు చిన్నగా తల వంచి వెళ్లిపోతున్నారు. ఒరిబే గారు కూడా తాకింది. వేలు మార్చి తాకింది. అరచెయ్యి పెట్టింది.

నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు చూడగలుగుతున్నాను. ఇందాక ఆ మనిషి అడుగుతుంటే ఏమీ అనిపించని చోట ఇప్పుడు ఎవరో కత్తితో కెలుకుతున్నట్టుంది.

"పోదన్నానండి మీతో" అన్నాను. "నాకు తెలియకుండానే అన్నాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఏదో తెలిసిందని గుర్తుంది. ఎలా ఉండేదో మటుకు రావడం లేదు." ఆ మాట కూడా నన్ను నొప్పించకుండా అంది.

హమానో గారు నా పక్కకి వంగి గొంతు తగ్గించారు. "ప్రెస్సు వేడిగానే ఉంది. ఒక్క పేజీ పెట్టి ఇవ్వొచ్చు. అంతట్లో ఒక్క పేజీ. నీకు తెలియను కూడా తెలియదు."

ఒరిబే గారికి వినిపించింది. పుస్తకం గుండెలకి ఆన్చుకుని నిలబడింది, పూజిత వంక చూస్తూ.

పట్టీలు ఇంకా నా చేతులకే ఉన్నాయి. తీగలు ప్రెస్సుకే ఉన్నాయి. నేను అవునంటే చాలు. పది నిమిషాల కిందట అడిగి ఉంటే కట్టలు కట్టలుగా ఇచ్చేసేదాన్ని, నాకప్పుడు దాని విలువ తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఏ ఒక్క పేజీలో ఏది పోతుందో ఎవరు చెప్పగలరు. పాప ఊపిరి చూసే వేలు పోతుందేమో. పిల్ల పడితే చెప్పుల్లేకుండా పరిగెత్తే కాళ్లు పోతాయేమో. ఆ ఒక్క పేజీ లేని రోజునే దానికేదైనా జరిగితే?

"వద్దండి" అన్నాను. పూజితని ఇంకా దగ్గరికి లాక్కుని, పట్టీలు రెండూ ఊడదీసేశాను.

శ్రీహరి నన్ను చూసి తల దించుకున్నారు.

ఒరిబే గారు "అవునవును" అంది, నన్ను సమర్థిస్తున్నట్టు. సంచిలోంచి చిన్న మిఠాయి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. గీసినవాళ్లకి తెచ్చివ్వడం వాళ్ల ఆనవాయితీ. "ఈ పాపేనా? పేజీలో బరువు తెలిసేది నాకు. ఇంతే ఉంటుందనుకున్నాను" అని, పూజితని తాకబోయి, తాకకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే మైకులో మేళా ముగిసిందని చెప్పారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టడం మొదలెట్టింది. పుస్తకం చేసినవాళ్లూ, తీసుకున్నవాళ్లూ, బల్లలు మోసినవాళ్లూ, అందరూ అందరికీ కొట్టుకుంటారట, ప్రతిసారీ. ఒరిబే గారు పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మా బల్ల వైపు తిరిగి కొడుతోంది. నా కేసి చూస్తూనే కొడుతోంది.

నా రెండు చేతులూ పాప చుట్టూ ఉన్నాయి. తీయలేకపోయాను.